కాయ కోసిన చేతికే డబ్బు చేరాలంటే: గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల చిన్న పండ్ల తోటల మహిళా రైతుల కోసం మార్గదర్శి

మా అమ్మ పాతికేళ్లు తెనాలి దగ్గర నిమ్మతోట చేసింది. ముళ్లు గీరుకున్న చేతులు ఆమెవి. మార్కెట్‌లో ఇచ్చిన చీటీ మాత్రం నాన్న జేబులో ఉండేది. ఈ ఏడు ఎకరానికి ఎంత మిగిలిందమ్మా అని అడిగితే, "ఏమో, బాగానే వచ్చినట్టుంది" అనేది. ఆ తర్వాత నేను డ్వాక్రా సంఘాల పనిలో కొల్లిపర, దుగ్గిరాల, తాడేపల్లి వైపు ఎన్ని ఊళ్లు తిరిగినా ఇదే మాట వినిపించింది. కలుపు తీసేది, ఎరువు వేసేది, కాయ కోసేది, గంపకెత్తేది ఆడవాళ్లే. గంప తోట గట్టు దాటాక ఏం జరుగుతుందో వాళ్లకు తెలియదు.

చిన్న తోటలో డబ్బు పోయేది ఎక్కువగా ఆ గట్టు దాటాకే. దిగుబడి ఇంకో టన్ను పెంచడం కంటే, వచ్చిన కాయ దెబ్బ తినకుండా, కలిసిపోకుండా, సరైన రోజున, ఆమె పేరు మీద అమ్ముడుపోయేలా చూడటం తేలిక. ఖర్చు కూడా తక్కువ. ఇది అరెకరం నుంచి రెండెకరాల వరకు జామ, నిమ్మ, అరటి, సపోటా, మామిడి వేసుకున్న అక్కలకు తోడుగా నిలిచే వాళ్ల కోసం రాస్తున్నాను. మీరు సంఘం లీడర్ కావచ్చు, ఊరి ఉద్యాన సహాయకులు కావచ్చు, ఆ ఇంటి చదువుకున్న కూతురో కొడుకో కావచ్చు.

మొదటి పని: ఒక సీజన్ లెక్క రాయించండి

కొత్త మొక్కలు, కొత్త మందులు, యంత్రాలు, ఏ మాటైనా దీని తర్వాతే. ఒక నోటు పుస్తకం కొనివ్వండి. ఎడమ పేజీలో ఖర్చు, కుడి పేజీలో రాబడి. ఆమెకు రాయడం రాకపోతే బడికెళ్లే పిల్లతో రాయించండి. రోజూ అక్కర్లేదు, కోత రోజు, మందు కొట్టిన రోజు, కూలీలు వచ్చిన రోజు రాస్తే చాలు.

ఖర్చు పేజీలో అందరూ వదిలేసేది సొంత కూలి. ఆమె తోటలో ఎన్ని పూటలు పనిచేస్తే అన్ని పూటలకూ ఊళ్లో నడుస్తున్న కూలి రేటు కట్టి రాయాలి. ఇది చూసి చాలామంది ఇంట్లో మగవాళ్లు మొదట నవ్వుతారు. రెండు నెలలు గడిచాక నవ్వరు, ఎందుకంటే తోట ఖర్చులో పెద్ద భాగం అదేనని అంకెల్లో కనపడుతుంది.

రాబడి పేజీలో అమ్మిన ధర ఒక్కటే రాస్తే సరిపోదు. ఇంటి దగ్గర తూచిన బరువు, మార్కెట్లో కాటా చూపించిన బరువు, తరుగు కింద కోసేసింది, కమీషన్, హమాలీ, ఆటో బాడుగ, చివరికి చేతికొచ్చింది, ఇవన్నీ విడివిడిగా రాయాలి. ఇంటి కాటాకీ మార్కెట్ కాటాకీ ప్రతిసారీ తేడా వస్తోందంటే, ఆ ఒక్క వరుస చూసుకుని మీరు దుకాణం మార్చుకోవచ్చు. మా అమ్మ విషయంలో ఇదే జరిగింది. ఒక కమీషన్ దుకాణంలో ఏళ్ల తరబడి ప్రతి బస్తాకీ తరుగు మామూలుకంటే ఎక్కువ కోశారు. ఇంట్లో తూచే అలవాటు లేక మాకు తెలియలేదు. కాటా కొన్నాక మూడో వారంలో బయటపడింది.

చిన్న ఎలక్ట్రానిక్ కాటా సంఘానికి ఒకటి ఉంటే చాలు, పది ఇళ్లకు తిరుగుతుంది.

రెండో పని: ఆమె పేరు కాగితం మీద ఉందో లేదో చూడండి

దీన్ని ఆఖరున చూద్దాంలే అనుకుంటారు. నేను మాత్రం ముందే చేయమంటాను. పేరు లేకపోతే సబ్సిడీ రాదు, వరద నష్టపరిహారం రాదు, బ్యాంకు అప్పు పుట్టదు.

భూమి ఆమె పేరున ఉంటే పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లోనూ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా చూడండి. పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది ఇంకోచోట ఉండి డబ్బు వెనక్కి పోయిన సందర్భాలు నేనే చాలా చూశాను. పుట్టింటి భూమిలో వాటా గురించి కూడా సిగ్గుపడకుండా మాట్లాడండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో పాటు హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే చట్ట సవరణ తెచ్చుకుంది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. వాటా అడగాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఉందన్న సంగతైతే ఆమెకు తెలియాలి.

భూమి భర్త పేరునో మామగారి పేరునో ఉంటే, కనీసం ఈ-పంట నమోదులో సాగు చేస్తున్నది ఎవరో సరిగ్గా రాయించండి. కౌలుకు చేస్తుంటే కౌలు రైతు గుర్తింపు కార్డు కోసం రైతు సేవా కేంద్రంలో అడగండి. యజమాని సంతకం దగ్గర చాలా మంది ఆగిపోతారు, పొలం రాసుకుంటుందేమోనని వాళ్ల భయం. ఆ కార్డు సాగుకే తప్ప భూమి హక్కుకు పనికిరాదని ఊరి పెద్ద మనిషి ఒకరితో చెప్పిస్తే తరచుగా ఒప్పుకుంటారు.

ఇక ఖాతా. కాయల డబ్బు పడే ఖాతా ఆమెదే కావాలి, ఆ ఖాతాకు కట్టిన ఫోన్ నంబరూ ఆమెదే కావాలి. మెసేజ్ కొడుకు ఫోన్‌కు వెళ్తుంటే ఖాతా ఆమెదైనా లాభం లేదు.

మూడో పని: నేల, నీరు, వరద చూసి పండు ఎంచుకోండి

కొత్తగా వేసేవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. బొప్పాయి ఏడాది లోపే, అరటి ఏడాదికి కాపుకొస్తాయి. జామకు రెండేళ్లు, నిమ్మకు నాలుగేళ్ల దాకా, మామిడికి అయిదారేళ్లు ఓపిక కావాలి. చేతిలో డబ్బు లేని ఇంట్లో ఎకరమంతా మామిడి పెడితే మూడో ఏడుకే అప్పుల టెన్షన్ మొదలవుతుంది. వరుసల మధ్య మొదటి మూడేళ్లు కూరగాయలు, అపరాలు, పువ్వులు వేసుకునేలా దూరం ఉంచి నాటించండి.

కృష్ణ లంకల్లో, కరకట్ట లోపల భూమి ఉన్నవాళ్లు వరదను లెక్కలో పెట్టుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. గెలలు వేసిన అరటి తోటలు నీళ్లలో రోజుల తరబడి నిలబడ్డాయి. అలాంటి చోట ఎకరమంతా ఒకే వయసు అరటి వేయకండి. ఇక్కడొక చిక్కుంది. చక్కెరకేళికి గిరాకీ శ్రావణం, దసరా, కార్తీకంలో. వరద వచ్చేదీ సరిగ్గా అప్పుడే. అందుకే లంకలో సగం తోట పండగలకు, మిగతా సగం సంక్రాంతి తర్వాత పెళ్లిళ్లకు అందేలా రెండు దఫాలుగా పిలకలు నాటితే, ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది. కట్ట బయట మెట్ట చెక్క ఏదైనా ఉంటే జామో నిమ్మో అక్కడ పెట్టండి.

నాలుగో పని: అందరి కాయ వచ్చినప్పుడు మన కాయ రాకుండా చూడండి

ఒకే నిమ్మకాయ వానాకాలంలో కోత కూలి కూడా రాని ధరకు పోతుంది, మార్చి నుంచి మే దాకా ఎండల్లో బస్తా కోసం వ్యాపారి ఇంటికొస్తాడు. కాయ అదే, నెల వేరు. రాబడి పెంచడంలో దీనికి మించిన కిటుకు నాకు తెలియదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నిమ్మలో పూత నుంచి కోతకు అయిదారు నెలలు. ఏప్రిల్, మే నెలల్లో కాయ కావాలంటే అక్టోబరు, నవంబరులో పూత రావాలి. దాని కోసం సెప్టెంబరులో వానలు తగ్గగానే తడులు ఆపి చెట్టును బెట్టకు గురిచేస్తారు. తేలిక నేలల్లో రెండు మూడు వారాలకే ఆకు వాడుతుంది, నల్లరేగడిలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. ఆకులు ముడుచుకుని కొద్దిగా రాలడం మొదలవగానే ఆపేయాలి. అంతకు మించి ఎండబెడితే కొమ్మలే చచ్చిపోతాయి. అప్పుడు పాదు తవ్వి, పశువుల ఎరువు, ఎరువులు వేసి, మొదట పలచగా ఒక తడి, నాలుగైదు రోజులకు ఇంకో తడి, తర్వాత మామూలుగా ఇవ్వాలి. మన దగ్గర చిక్కు ఏమిటంటే ఆ రోజుల్లోనే తుపాను వానలు పడతాయి, బెట్ట విరిగిపోతుంది. కాబట్టి మొదటి ఏడాది తోటంతా చేయకండి. ఎత్తుగా ఉండి నీరు నిలవని మూల ఇరవై చెట్లతో మొదలుపెట్టించండి. ఆ ఇరవై చెట్లు వేసవిలో ఏమిచ్చాయో పుస్తకంలో రాసుకున్నాక, మిగతా చెట్ల సంగతి ఆమే తేల్చుకుంటుంది.

కొత్తగా నాటేవాళ్లు బాలాజీ, పెట్లూరు సెలక్షన్-1 లాంటి రకాల అంట్లు అడగండి. అంటు కొనేటప్పుడు నర్సరీ బిల్లు ఆమె పేరున తీసుకుని దాచండి. నిమ్మలో మోసం బయటపడేది నాలుగేళ్లకు.

జామకు ఈ పని ఇంకా తేలిక, ఎందుకంటే జామ కొత్త చిగురు మీదే పూస్తుంది. ఎండాకాలం చివర నీళ్లు తగ్గించి, మే నెలలో కొమ్మల చివర్లు జానెడు కత్తిరించి, జూన్‌లో ఎరువు వేసి తడిపెడితే వచ్చే పూత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ ఇస్తుంది. చలికాలం జామ తియ్యగా, గట్టిగా ఉంటుంది, పండు ఈగ బెడద తక్కువ. వానాకాలం కాయ నీళ్లగా ఉండి పురుగు పడుతుంది. తోటను రెండు భాగాలు చేసి నెల తేడాతో కత్తిరిస్తే కోత ఒక్కసారే మీద పడదు. ఒక్కచేతి మీద తోట చేసుకునే మనిషికి ఈ పద్ధతి చాలా కలిసొస్తుంది.

మామిడిలో కాపు సమయాన్ని మందుతో ముందుకు లాగాలని చూస్తారు. చిన్న రైతుకు దాని జోలికి పోవద్దంటాను. దాని గురించి గుత్త దగ్గర ఇంకో మాట చెబుతాను.

అయిదో పని: పురుగును మందుతో కాక సంచితో ఆపండి

జామకాయ నిమ్మకాయంత అయినప్పుడు నురగ వలతొడుగు వేసి దాని మీద పల్చటి కవరు కట్టేస్తే ఈగ కుట్టదు, ఎండ మచ్చ పడదు, కాయ నున్నగా లేత రంగులో వస్తుంది. తైవాన్ జామ పండించే వాళ్లంతా చేసేది ఇదే. ఖర్చు కాయకు ఇంత అని లెక్క కట్టుకుని, తొడుగు వేసిన కాయకు బజార్లో ఎంత ఎక్కువ వస్తోందో ముందు కనుక్కోండి. తేడా రాని చోట నాటు జామకు వేయడం దండగ.

మామిడి, జామ, సపోటా ఏ తోటైనా మిథైల్ యూజినాల్ ఎరలు కట్టండి. ఈ ఎర మగ ఈగలను లాగుతుంది. ఎకరానికి కొన్ని డబ్బాలు చాలు, తల ఎత్తులో నీడ ఉన్న కొమ్మకు కట్టి, నెలా నెలన్నరకు ఎర మార్చాలి. కానీ కింద రాలిన కుళ్లు కాయలను వదిలేస్తే ఎరలు కట్టీ లాభం లేదు. పురుగు పెరిగేది వాటిలోనే. రెండు రోజులకోసారి ఏరి లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి. పక్క తోట వాళ్లు చేయకపోతే మీ కష్టం సగం వృథా. అందుకే ఈ పనిని సంఘం సమావేశంలో పెట్టి గట్టు గట్టంతా ఒకే వారంలో చేయించండి.

ఇంకో మాట. పదహారు లీటర్ల పంపు నిండితే పదహారు కిలోలకు పైనే వీపు మీద ఉంటుంది. ఆడవాళ్లకు చిన్న బ్యాటరీ పంపు ఇప్పించండి. చేతి తొడుగులు, మూతికి గుడ్డ లేకుండా మందు కొట్టనివ్వకండి. మందు డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో ఉంటుంది, అది చదివి పుస్తకంలో తేదీ వేయించండి.

ఆరో పని: కోత

పండు ధర పడిపోయేది కోత రోజే. పొద్దున్నే మంచు ఆరగానే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపాలి. కాయను లాగకుండా కత్తెరతో కోయాలి. గంపలో కాక ప్లాస్టిక్ ట్రేలో, అడుగున కాగితమో అరటాకో పరచి, మూడొంతులు నింపి నీడన పెట్టాలి. గోనె బస్తాలో పోసి దాని మీద కూర్చుని వచ్చే ఆటోలో ఎంత మంచి జామైనా ఊరు దాటేసరికి నలుగుతుంది. జామ మామూలు గదిలో ఉండేదే మూడు నాలుగు రోజులు.

ఏ పండు ఎప్పుడు కోయాలో ఆడవాళ్లకు బాగా తెలుసు. అయినా కొత్త కూలీలకు చెప్పడానికి కొన్ని గుర్తులు: జామ ముదురు ఆకుపచ్చ పోయి లేత రంగుకు తిరగాలి. సపోటా మీద గోరుతో గీరితే ఆకుపచ్చ గీత పడకూడదు, పాలు తక్కువ కారాలి. నిమ్మ పచ్చగానే, తోలు పల్చబడి నున్నగా మెరిసేటప్పుడు. మామిడి భుజాలు నిండాలి. మామిడిని తొడిమ అంగుళం ఉంచి చిక్కం కట్టిన దోటితో కోసి, తర్వాత తొడిమ తీసి బోర్లించి సొన కారనివ్వాలి. సొన కాయ మీదికి కారితే నల్ల మచ్చ పడుతుంది, ఆ మచ్చతోనే బంగినపల్లి ధర సగానికి దిగుతుంది.

అరటిలో గెల పూర్తిగా విడిచాక పువ్వు కోసేయాలి. ఆ పువ్వుకు విజయవాడ, గుంటూరు కూరగాయల బజార్లలో ధర ఉంది, పారేయకండి. ఆకులు అమ్మేటప్పుడు మాత్రం గెల ఉన్న చెట్టు జోలికి పోకండి, ఆకు తగ్గితే కాయ ఊరదు.

ఏడో పని: మూడు కుప్పలు

నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి. కాయలన్నీ కలిపి పోస్తే కొనేవాడు కుప్పలో ఉన్న చెడ్డ కాయను చూసి ధర కడతాడు.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ధరలు నేను వేసుకుని చెబుతాను. వంద కిలోల జామ కలిపి కిలో 20 రూపాయలకు అమ్మితే 2000. అదే ఏరితే పెద్ద నున్నటి కాయ 50 కిలోలు 32 చొప్పున 1600, మధ్యరకం 35 కిలోలు 20 చొప్పున 700, మచ్చ కాయ 15 కిలోలు 8 చొప్పున 120. మొత్తం 2420. ఏరడానికి పట్టిన పూట కూలి 150 తీసేసినా 270 మిగిలింది. ఏడాదికి నాలుగు టన్నులు కోసే తోటలో అది 10,800. మందు లేదు, ఎరువు లేదు, అదనపు నీరు లేదు.

మొదటి కుప్పలోకి ఒక్క మచ్చ కాయ కూడా రాకూడదు. పైన మంచివి, కింద చెత్తవి పెట్టే ట్రే ఒక్కసారి దొరికితే ఆ పేరు ఇక మార్కెట్లో లేవదు. సంఘంలో ఒకరు ఎప్పుడూ ట్రే తిరగేసి చూసే మనిషి ఉండాలి, ఆమె మొహమాటపడే రకం కాకూడదు.

ముగ్గబెట్టడం గురించి

కార్బైడు వద్దు. 2011 ఆహార భద్రత నిబంధనల ప్రకారం దానితో ముగ్గబెట్టిన పండ్లు అమ్మడం నిషేధం. పట్టుబడితే సరుకు పోతుంది. అంతకుముందే ఆ పొడి చుట్టలు కట్టే ఆడవాళ్ల చేతులు, ఊపిరితిత్తులు పాడవుతాయి. మందు కలిపిన నీళ్లలో కాయ ముంచడం కూడా వద్దు. చట్టం ఒప్పుకునేది ఇథిలీన్ వాయువును, పది లక్షల భాగాలకు 100 భాగాల లోపు. పది కుటుంబాలు కలిసి సరుకు తీసుకెళ్తే రైపెనింగ్ చాంబర్లో అద్దెకు పెట్టించుకోవచ్చు. కొద్ది సరుకైతే మన పాత పద్ధతి బంగారం: గాలి ఆడే గదిలో వరిగడ్డి పరచి, ఒక వరుస కాయ, ఒక వరుస గడ్డి. నాలుగైదు రోజులు పడుతుంది. రోజూ చూసి పండినవి తీసేయాలి. "గడ్డిలో ముగ్గిన కాయలు" అన్న మాటకు విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఎంత గిరాకీ ఉందో ఒక్క వేసవి అమ్మి చూస్తే తెలుస్తుంది.

ఎనిమిదో పని: నాలుగు చోట్ల అమ్మడం నేర్పండి

అన్ని కాయలూ ఒకే చోట అమ్మకూడదు. ఆ చోట ధర పడిన రోజు ఇంకో దారి ఉండదు.

మామిడి వాళ్లకు మొదట ఎదురయ్యేది గుత్త. పూత మీదే వ్యాపారి వచ్చి తోటంతటికీ ఒక మొత్తం చెప్పి అడ్వాన్సు చేతిలో పెడతాడు. పిల్లల ఫీజుల కాలం కాబట్టి కాదనడం కష్టం. ఇవ్వాల్సి వస్తే కాగితం రాసుకోండి: మొత్తం ఎంత, వాయిదాలు ఏ తేదీలకు, చివరి వాయిదా కాయ తోట దాటకముందే అందాలని. ఇంకో షరతు తప్పక రాయించండి, తోట రైతు అనుమతి లేకుండా చెట్ల మొదట్లో కల్టార్ (కాపును ముందుకు లాగుతుందని ఇందాక చెప్పిన మందు) పోయకూడదని. ఏడాది గుత్తదారుకు ఆ ఒక్క కాపు చాలు. మోతాదు మించితే చెట్టు గిడసబారి ఆ తర్వాత ఏళ్ల కాపు పోతుంది. సంతకం ఆమెది కూడా ఉండాలి. వీలుంటే సగం తోటే గుత్తకిచ్చి సగం సొంతంగా అమ్మి చూడండి, రెంటికీ తేడా లెక్క పుస్తకమే చెబుతుంది.

రెండోది మార్కెట్ యార్డు. మామిడికి విజయవాడ పక్కన ‘నున్న’ అనే ఊరి యార్డు, నిమ్మకు తెనాలి యార్డు. పెద్ద లోడుకు ఇదే దారి. మొదటిసారి వెళ్లే అక్కను ఒంటరిగా పంపకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. ఆ రోజు సరుకు తీసుకెళ్లకుండా ఊరికే చూసిరమ్మనండి: వేలం ఎలా పాడుతున్నారు, తరుగు ఎంత కోస్తున్నారు, ఏ దుకాణం వెంటనే డబ్బిస్తోంది, ఎవరు వారం తిప్పుతున్నారు. రెండోసారి సరుకుతో వెళ్లినప్పుడు చీటీ ఆమె పేరున రాయమని గట్టిగా అడగాలి. "మీ ఆయన పేరు చెప్పమ్మా" అంటారు. తన పేరే చెప్పాలి. కమీషన్ దుకాణంలో అప్పు ఉంటే కాయ కూడా అక్కడికే తీసుకెళ్లక తప్పదు, ధర వాళ్లు చెప్పిందే. సంఘం అప్పో స్త్రీనిధి అప్పో తీసుకుని ముందు ఆ బాకీ తీర్చేయడం చాలా కుటుంబాలకు మొదటి ఏడాది చేయదగ్గ మంచి పని.

మూడోది రైతు బజారు. 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లు మనకు ఎంతో దగ్గర: గుంటూరులో చుట్టుగుంట, విజయవాడలో పటమట, అజిత్‌సింగ్‌నగర్. రైతు గుర్తింపు కార్డు కావాలి. అది భర్త పేరు మీదే ఉంటే భార్య పేరు చేర్చమని అడగండి. ధరల బోర్డు పొద్దున్నే పెడతారు, దళారీ కమీషన్ లేదు. కష్టమల్లా రోజంతా అక్కడ కూర్చోవడం. ఇంట్లో చిన్న పిల్లలున్న వాళ్లకు కుదరదు. అయిదుగురు కలిసి వారానికి ఒకరు చొప్పున కూర్చుంటే కుదురుతుంది, దానికి సంబంధించిన అనుమతి ఎస్టేట్ అధికారిని ముందే అడగాలి.

నాలుగోది నేరుగా ఇళ్లకు. ముందు ఒక్క అపార్ట్‌మెంట్ చాలు, బెజవాడలోనో గుంటూరులోనో తెలిసిన వాళ్లున్నది. వాట్సాప్‌లో బుధవారం ఆర్డర్లు, శుక్రవారం కోత, శనివారం పొద్దున ఇవ్వడం. అయిదు కిలోల పెట్టె అని ఒక కొలత పెట్టుకోండి, విడి కిలోలు తూచుతూ కూర్చుంటే పొద్దు పోతుంది. డబ్బు క్యూఆర్ కోడ్‌కు, ఆ కోడ్ ఆమె ఖాతాది. చెడిన కాయ వచ్చిందని ఎవరైనా ఫొటో పెడితే వాదించకుండా వచ్చే వారం ఒక కిలో అదనంగా పెట్టండి. ఇక పండగల లెక్క చూసుకోండి. దసరాకు ఇంద్రకీలాద్రి చుట్టూ నిమ్మకాయలకు, కార్తీకంలో అరటిపండ్లకు, శ్రావణంలో వాయినాల పండ్లకు ముందే ఆర్డర్ తీసుకోవచ్చు.

తొమ్మిదో పని: మూడో కుప్పను పారేయకండి

ఏప్రిల్, మే గాలివానలకు రాలిన మామిడికాయ కిలో రెండు మూడు రూపాయలకు అడుగుతారు. దాన్ని చెక్కు తీసి ముక్కలు కోసి ఉప్పు పట్టించి గలగలలాడేలా ఎండబెడితే ఒరుగులు. ఏడాది పొడవునా పప్పులోకి పనికొస్తాయి, పట్నంలో చేసుకునే తీరిక లేక కొనే వాళ్లున్నారు. నిమ్మ ధర పడిపోయిన ఆగస్టులో ఊరగాయ పెట్టి ఎండల్లో అమ్మవచ్చు. బాగా పండిన రసాల గుజ్జుతో తాండ్ర. తాండ్రలో ఆత్రేయపురం వాళ్ల పేరు పెద్దది, వాళ్లతో ధరలో పోటీ పడే కంటే చక్కెర తక్కువ వేసిన ఇంటి తాండ్ర అని చిన్న పొట్లాలు చేయడం మంచిదని నా అభిప్రాయం.

ఒక్కటి మాత్రం చెబుతాను, మంచి కాయతో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెట్టకండి. పచ్చి కాయకే ధర వస్తుంటే అదే అమ్మండి. తయారీ మిగులు సరుకు కోసం.

అమ్మకానికి చేస్తే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న తయారీదారులకు బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఆన్‌లైన్‌లో చేయించుకోవచ్చు, రుసుము తక్కువ. పొట్లం మీద పేరు, ఏమేం కలిపారు, బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నేర్చుకోవడానికి గుంటూరు పక్కన లాంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, బాపట్లలో పంట కోత అనంతర సాంకేతిక కేంద్రం ఉంది. ముందు ఫోన్ చేసి, పదిమందిని పోగుచేసుకుని వెళ్తే శిక్షణ ఎప్పుడో చెబుతారు. యంత్రాల డబ్బుకు, చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ, సంఘం సభ్యురాలికి 40,000 దాకా మూల ధనం అని ఉంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది వెలుగు ఆఫీసులో అడిగాకే బయలుదేరండి. సబ్సిడీ వస్తుందన్న ఆశతో డ్రయ్యర్ కొని మూలన పెట్టిన సంఘాన్ని చూశాను. ముందు ఒక సీజన్ ఎండలో ఎండబెట్టి అమ్మగలిగారో లేదో చూసుకోండి.

పదో పని: పదిమంది, ఒక ఆటో

అరెకరం తోటలో రోజుకు నలభై కిలోలు వస్తాయి. దానికి ఆటో బాడుగ పెడితే లాభం అందులోనే పోతుంది. ఒకే దారిలో ఉన్న పది పన్నెండు తోటల అక్కలను కలపండి. వారానికి రెండు కోత రోజులు అందరికీ ఒకటే. ఒకరి ఇంటి వసారాలో పోగు చేయడం, అక్కడే తూచి ఏరడం, ఎవరి ట్రేకు వాళ్ల పేరు రాసిన చీటీ కట్టడం. బాడుగ కిలోల లెక్కన పంచుకోవాలి. అమ్మడానికి వెళ్లిన మనిషికి ఆ రోజు కూలి తప్పకుండా ఇవ్వాలి. ఈ కూలి ఇవ్వకపోవడం వల్లే సగం గుంపులు మూడో నెలకు విడిపోతాయి. మొదట ఇష్టంగా తిరిగిన అక్కే తర్వాత "నాకేం పని లేదా" అంటుంది, ఆమె అనడంలో తప్పు లేదు.

రైతు ఉత్పత్తిదారుల సంస్థ పెట్టమని ఎవరైనా వెంటనే తొందరపెడితే ఆగండి. 2020లో కేంద్రం మొదలుపెట్టిన పథకంలో మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది సభ్యులు కావాలి. ఆడిటింగ్, డైరెక్టర్ల సమావేశాలు, పన్ను కాగితాలు ఉంటాయి. పన్నెండు మంది ఒక ఏడాది గొడవ లేకుండా ఆటో బాడుగ పంచుకోగలిగాక, పక్క ఊరి గుంపుతో కలిసి అప్పుడు ఆలోచించండి. దగ్గర్లో ఇప్పటికే నడుస్తున్న సంస్థ ఉంటే అందులో వాటా తీసుకోవడం ఇంకా తేలిక. చేరేముందు దాని గత ఏడాది లెక్కలు చూపించమని అడగాలి.

లెక్కల రోజు నెలకు ఒకటి పెట్టుకోండి, సంఘం పొదుపు కట్టే రోజునే పెడితే మరిచిపోరు. ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చి, ఏ కుప్ప ఎక్కడ ఎంతకు పోయిందో పైకి చదవాలి. మొదటి నెల సిగ్గుపడతారు. రెండో నెల, పక్క అక్క మొదటి రకం కాయకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చిందని విన్నప్పుడు, "ఎక్కడమ్మేవే, ఎవరికిచ్చావే" అని అడగడం మొదలవుతుంది. అప్పుడు మీరు పక్కకు జరిగి కూర్చోండి, మాట వాళ్లనే మాట్లాడుకోనివ్వండి.